హోల్డెన్ మాట మార్చిన చోటల్లా యాలీ ఉన్నాడు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్ళకూ తెలుస్తుంది. మీరు ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నారు. జె.డి. సాలింజర్ నవల 'ది క్యాచర్ ఇన్ ది రై' మీద సెమినార్ పేపర్ రాయాలి. గైడులో ఎర్ర టోపీ అంటే ఒంటరితనం, బాతులంటే మార్పు, మ్యూజియం అంటే బాల్యం అని పట్టిక వేసి ఉంది. మీ మాష్టారేమో ఇంటి జ్ఞాపకాలను లోపల అదిమిపెట్టుకున్న కుర్రాడి కథ ఇది అన్నారు. మీరు వెతికి చూస్తే చనిపోయిన తమ్ముడి గురించి నవలంతా కలిపి కొద్ది పేజీలే తేలాయి. "ఇంత కొంచెం ఆధారం మీద అంత పెద్ద మాట అనొచ్చా?" అన్నది మీ సందేహం.

అనొచ్చు. మీ మాష్టారు చెప్పింది నిజం. ఆ పట్టిక తప్పని అనను గానీ దానితో పని జరగదు. ఈ నవలను ఇరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాను. మొదట్లో నేనూ ఆ పట్టికే బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు ఎక్కించుకునేవాళ్ళు, పరీక్షలో దింపేవాళ్ళు. ఒక్కరికీ కథానాయకుడు హోల్డెన్ మీద మనసు కరిగేది కాదు. "వీడెప్పుడూ సణుగుతూనే ఉంటాడేంటి సార్" అనేవాళ్ళు. సణుగుడు ఎక్కడ ఆగిపోతోందో చూడమని చెప్పడం మొదలుపెట్టాక క్లాసు మారిపోయింది. మీకు చెప్పదలచుకున్నదీ అదే.

నవల చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1951 జూలైలో వచ్చిన పుస్తకం. కథ చెప్పే హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కు పదిహేడేళ్ళు, చెప్తున్నది అంతకుముందు క్రిస్మస్ సెలవుల ముందు జరిగిన సంగతి. పెన్సిల్వేనియాలోని ఒక హాస్టల్ స్కూల్లో నాలుగు సబ్జెక్టులు తప్పి, టీసీ చేతిలో పెట్టించుకుని, బడి నుంచి ఆ సంగతి చెప్పే ఉత్తరం ఇంటికి చేరేలోపు న్యూయార్క్‌లో ఒంటరిగా తిరుగుతాడు. హోటళ్ళు, బార్లు, టాక్సీలు, పార్కు. చివరికి దొంగచాటుగా ఇంటికెళ్ళి పదేళ్ళ చెల్లెలు ఫీబీని కలుస్తాడు. ఇదంతా కాలిఫోర్నియాలో వైద్యం చేయించుకుంటున్న చోట ఉండి చెప్తున్నాడు. అన్న డీబీ హాలీవుడ్‌లో సినిమాలకు రాస్తాడు. హోల్డెన్ కంటే రెండేళ్ళు చిన్నవాడు యాలీ. పదకొండో ఏట, 1946 జూలై 18న లుకీమియాతో పోయాడు.

ఆ తేదీని గమనించండి. హోల్డెన్‌కు తన గొడవలో ఏ సంగతి ఎప్పుడు జరిగిందో సరిగా పట్టదు. ఏదైనా ఇంచుమించుగా చెప్పేసి సాగిపోతాడు. తమ్ముడు పోయిన రోజును మాత్రం నెల, తేదీ, ఏడాదితో సహా చెప్తాడు.

ఇప్పుడు మొట్టమొదటి పేరాకు వెళ్ళండి. పాఠకుడితో అతను పలికే తొలి మాటలే ఒక నిరాకరణ. ఎక్కడ పుట్టాను, నా చిన్నతనం ఎంత దరిద్రంగా గడిచింది, నన్ను కనక ముందు మా అమ్మానాన్నలు ఏం చేసేవాళ్ళు అన్నవేవీ నేను చెప్పను, ఇంటి సంగతులు బయటపెడితే మావాళ్ళు ఊరుకోరు అన్నది దాని భావం. ఎదిగే వయసు నవల ఏదైనా "నేను ఫలానా ఇంట్లో పుట్టాను" అని మొదలవ్వాలి. ఇది ఆ తలుపు మూసేసి మొదలవుతుంది. ఎవరూ ఇంకా అడగనైనా అడగలేదు. అడగకముందే చెప్పననే మనిషికి చెప్పడానికి ఏదో ఉందన్నమాట. మీ పేపర్ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. కొద్ది పేజీల ఆధారం అన్నారు చూడండి, ఆ తక్కువతనమే మీ ఆధారం.

ఒక మాట తేడా మాత్రం స్పష్టంగా పెట్టుకోవాలి. మనం తెలుగులో అన్నిటికీ 'అణచివేత' అనేస్తాం. ఫ్రాయిడ్ సంప్రదాయంలో ఇవి రెండు వేరు సంగతులు. ఒకటి మనిషికే తెలియకుండా జ్ఞాపకం అడుగుకు పోయి మరుగున పడటం. రెండోది తెలిసి తెలిసీ పైకి రానివ్వకుండా అదిమిపట్టడం. హోల్డెన్ యాలీని మరిచిపోలేదు. బేస్‌బాల్ గ్లౌజు, జుట్టు రంగు, భోజనాల దగ్గర నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోవడం, అన్నీ గుర్తున్నాయి. అందుకని "తమ్ముడి జ్ఞాపకాన్ని అణచుకున్నాడు" అని గుండుగుత్తగా రాస్తే ఎగ్జామినర్ ఐదో అధ్యాయం తెరిచి చూపిస్తాడు. అతను పైకి రానివ్వనిది యాలీని కాదు. యాలీ పోయిన రాత్రి తనేం చేశాడు, అంత్యక్రియల్లో తనెందుకు లేడు, ఆ తరువాత ఇల్లు ఏమైపోయింది, వాటిని పైకి రానివ్వడు. ఇవి వచ్చినప్పుడల్లా ఒక్క వాక్యంలో దాటేస్తాడు, లేదా ఒక వస్తువు వెనక పెట్టి చెప్తాడు. ప్రతీకలు పుట్టేది అక్కడే.

ఐదో అధ్యాయాన్ని దగ్గరగా చూద్దాం. అంతకు ముందు అధ్యాయంలోనే రూమ్మేట్ స్ట్రాడ్‌లేటర్ డేట్‌కు వెళ్తూ తన కాంపోజిషన్ రాసిపెట్టమంటాడు. గదో ఇల్లో ఏదో ఒకటి వర్ణించాలి. హోల్డెన్‌కు వర్ణించడానికి ఏ గదీ ఏ ఇల్లూ తట్టదు, అలాంటివి వర్ణించడం పెద్దగా ఇష్టమూ లేదు. ఇల్లు తట్టలేదన్నమాటను అక్కడ గుర్తుపెట్టుకోండి. దాని బదులు యాలీ గ్లౌజు గురించి రాస్తాడు. యాలీది ఎడమచేతి వాటం, ఎడమచేతి ఆటగాడి గ్లౌజు. ఫీల్డింగ్‌లో ఉన్నప్పుడు బ్యాటింగ్‌కు ఎవరూ రాని సమయంలో చదువుకోవడానికని దాని వేళ్ళ మీద, అరచేతి గుంటలో, ఎక్కడపడితే అక్కడ ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. ఆ గ్లౌజు ఇప్పుడు హోల్డెన్ సూట్‌కేసులో ఉంది. స్కూళ్ళు మారుతున్నాడు, సామాన్లు పోగొట్టుకుంటున్నాడు, ఆ రోజే సబ్‌వే రైల్లో టీము ఫెన్సింగ్ కత్తులన్నీ మరిచిపోయి వచ్చాడు. గ్లౌజును మాత్రం వెంట ఉంచుకున్నాడు. దాన్ని తీసి, కవితలు చూసి రాసుకుంటాడు. స్ట్రాడ్‌లేటర్ తమ్ముడి గ్లౌజు అనిపించడానికి పేరొక్కటి మారిస్తే చాలనుకుంటాడు.

ఇక్కడ జరిగిందేమిటి? తమ్ముడి గురించి నవలలో మొదటిసారి కాగితం మీద పెట్టాడు. అదీ ఇంకొకడి పేరు కింద, తమ్ముడి పేరు తీసేసి. స్ట్రాడ్‌లేటర్ తిరిగొచ్చి, గదో ఇల్లో రాయమంటే గ్లౌజు గురించి రాశావేంటని విసుక్కుంటాడు. హోల్డెన్ కాగితాలు లాక్కుని చింపి చెత్తబుట్టలో వేస్తాడు. నవలలో నోరు విప్పిన మొదటిసారే ఎదుటివాడు "ఇది మేమడిగింది కాదు" అన్నాడు. ఇక నవలంతా హోల్డెన్ ఎవరికైనా ఫోన్ చేయాలనుకోవడం, ఫోన్ బూత్ దాకా వెళ్ళడం, చేయకుండా బయటికి రావడం చూస్తారు. ఆ చింపిన కాగితాలతో కలిపి చదవండి.

గ్లౌజు వర్ణన మధ్యలోనే, ఊపిరి తీసుకోకుండా, ఇంకొక సంగతి వస్తుంది. యాలీ పోయిన రాత్రి హోల్డెన్ గ్యారేజీలో పడుకున్నాడు. పిడికిలితో గ్యారేజీ అద్దాలన్నీ పగలగొట్టాడు. కారు అద్దాలు కూడా పగలగొట్టబోయాడు గానీ అప్పటికే చెయ్యి విరిగిపోయింది. పదమూడేళ్ళ పిల్లవాడు. ఎందుకు పగలగొట్టావంటే ఊరికే అంటాడు. తనను మానసిక వైద్యుడికి చూపించాలనుకున్నారట, అందుకు వాళ్ళను తప్పు పట్టనంటాడు. వాన పడితే ఇప్పటికీ చెయ్యి సలుపుతుంది, పిడికిలి గట్టిగా బిగియదు. అయినా నేనేమన్నా సర్జన్నా, వయొలినిస్టునా అని ఆ సంగతి తోసేస్తాడు. ఈ కొద్ది వాక్యాలలో ఒక్కచోట కూడా "ఏడ్చాను" అని లేదు. "బాధేసింది" అని లేదు. అమ్మ ఏం చేసింది, నాన్న ఏమన్నాడు, ఎవరు తలుపు తీసి ఆ పిల్లవాణ్ణి బయటికి తెచ్చారు అన్నదీ లేదు. ఇల్లంతా మాయమై, గ్యారేజీ, అద్దాలు, చెయ్యి మాత్రమే మిగిలాయి. క్లాసులో ఈ పేరా గట్టిగా చదివించి, వాళ్ళింట్లో ఆ రాత్రి ఇంకెవరెవరున్నారో చెప్పమని అడిగేవాణ్ణి. పిల్లలు వెనక్కీ ముందుకీ తిరగేసేవాళ్ళు. ఎవరూ దొరికేవారు కాదు.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. మా నాయనమ్మగారింట్లో వంటింటి గూట్లో ఒక చిన్న ఇత్తడి గ్లాసు ఉండేది. రోజూ తోమి పెట్టేది, ఎవర్నీ అందులో తాగనిచ్చేది కాదు. ఎవరిదే అంటే "అక్కడ పెట్టెయ్" అనేది. అది ఏడేళ్ళకే పోయిన మా చిన్నాన్నదని, ఆయన పేరు ఆ ఇంట్లో ఎత్తకూడదని నాకు కాలేజీకొచ్చాక తెలిసింది. ఆ గ్లాసు దేనికి ప్రతీక అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పలేను. ఆవిడ నోటితో అనలేనిదాన్ని చేత్తో తోముకునేది, అంతవరకే తెలుసు. హోల్డెన్ సూట్‌కేసులో గ్లౌజును నేను అలాగే చూస్తాను. ఈ నవలలో ప్రతీకలు రచయిత మన కోసం దాచిపెట్టిన పొడుపు కథలు కావు. కథ చెప్పేవాడికి ఆ వస్తువులతో అవసరం ఉంది. గైడు పట్టికకు అందనిది ఇదే.

ఇప్పుడు పద్నాలుగో అధ్యాయం. నా లెక్కలో నవల గుండెకాయ ఇదే, గైడుల్లో దీని ఊసే ఉండదు. హోటల్ గదిలో తెల్లవారుజామున, గదికి వచ్చిన అమ్మాయి వెళ్ళిపోయాక, హోల్డెన్ ఒంటరిగా కూర్చుని యాలీతో పైకే మాట్లాడతాడు. బాగా దిగులేసినప్పుడు అప్పుడప్పుడూ అలా చేస్తాడట. ఏం మాట్లాడతాడు? ఇంటికెళ్ళి సైకిల్ తీసుకుని బాబీ ఫాలన్ ఇంటి ముందుకు రా, తొందరగా రా అని. వాళ్ళు వేసవుల్లో మెయిన్ రాష్ట్రంలో ఉన్నప్పుడు బాబీ దగ్గర్లో ఉండేవాడు. ఒకరోజు బాబీ, హోల్డెన్ సైకిళ్ళ మీద సరస్సుకు బయల్దేరారు. టిఫిన్లు, ఎయిర్‌గన్నులు పట్టుకున్నారు. యాలీ నేనూ వస్తానన్నాడు. నువ్వు చిన్నవాడివి, వద్దు అన్నాడు హోల్డెన్.

అంతే సంగతి. ప్రతి అన్నా ప్రతి తమ్ముడికీ వందసార్లు చెప్పే మాట. యాలీ కోపం తెచ్చుకోలేదట, వాడు దేనికీ కోపం తెచ్చుకునే రకం కాదట. ఎక్కడికెళ్ళినా వాణ్ణి తీసుకెళ్ళేవాణ్ణే, ఆ ఒక్కరోజే తీసుకెళ్ళలేదు అని కూడా హోల్డెన్ చెప్పుకుంటాడు. ఆ సమర్థింపు ఎవరికి? గదిలో ఎవరూ లేరు. లుకీమియాకు ఎవరూ బాధ్యులు కారు, కాబట్టి అపరాధ భావానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అతని మనసు ఈ సైకిళ్ళ రోజును పట్టుకుంది. ఇప్పుడు అతను పదే పదే చేసేది ఒక్కటే: ఆ రోజును వెనక్కి తిప్పి, "సరే రా" అనడం. ఈసారి తమ్ముణ్ణి పిలవడం.

ఈ పేరా చదివాక ఇరవై రెండో అధ్యాయం తెరిస్తే నవల పేరు దానంతటదే విచ్చుకుంటుంది. నీకు ఏదీ నచ్చదు, నచ్చినది ఒక్కటి చెప్పు అని ఫీబీ నిలదీస్తుంది. అతను ఆలోచించబోతాడు, మనసు నిలవదు. ఉదయం కలిసిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు గుర్తొస్తారు. ఆ వెంటనే జేమ్స్ కాసిల్. పాత స్కూల్లో, తోటి పిల్లలు ఏడిపిస్తే అన్నమాట వెనక్కి తీసుకోనని కిటికీలోంచి దూకి చచ్చిపోయిన పిల్లవాడు. వాడు దూకినప్పుడు ఒంటి మీద ఉన్నది హోల్డెన్ దగ్గర అరువు తీసుకున్న స్వెటర్. ఇది కూడా ఒక వాక్యంలో వచ్చి పోతుంది. అప్పుడు నోట్లోంచి వచ్చే జవాబు: "యాలీ నచ్చుతాడు." యాలీ చనిపోయాడుగా అంటుంది ఫీబీ. చనిపోతే మాత్రం ఇష్టం ఆగిపోవాలా అంటాడు. ఆ తరువాత, ఆ తరువాతే, రై చేను సంగతి వస్తుంది. రై అంటే గోధుమలాంటి ధాన్యం. పెద్ద చేను, అంచున లోయ, ఆడుకునే వేలమంది పిల్లలు. అంచు దాకా పరిగెత్తుకొచ్చే పిల్లల్ని పడిపోకుండా పట్టుకోవడం, అదొక్కటే తను చేయాలనుకునే పని. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పాటలోని మాటను హోల్డెన్ 'పట్టుకుంటే' అని గుర్తుపెట్టుకున్నాడు, అక్కడున్నది 'కలిస్తే' అని ఫీబీ సరిదిద్దుతుంది. తప్పుగా గుర్తుండటం కూడా జ్ఞాపకం చేసే పనే. పాటలో లేని 'పట్టుకోవడం' అతనికి కావాలి, అందుకని అక్కడ కనిపించింది.

"అమాయక బాల్యాన్ని కాపాడాలన్న ఆదర్శం" అని గైడు రాసేది దీని గురించే. ఆదర్శమే అయితే జేమ్స్ కాసిల్, యాలీ, రై చేను ఈ వరసలో ఎందుకు వచ్చాయి? కిటికీలోంచి పడినవాడు, జబ్బుతో పోయినవాడు, అంచున పడబోయే పిల్లలు. ఈ వరసను మీ పేపర్లో యథాతథంగా చూపించండి, వ్యాఖ్యానం రెండు వాక్యాలు చాలు.

టోపీ, బాతులు, మ్యూజియం అడిగారు. టోపీ గురించి ఎక్కువ చెప్పను. కత్తులు పోగొట్టుకున్న రోజునే ఒక డాలరుకు కొన్న ఎర్రటి వేటగాళ్ళ టోపీ. యాలీది ఎర్ర జుట్టు, ఫీబీదీ ఎర్ర జుట్టు. టోపీకీ ఆ జుట్టుకూ ఉన్న సంబంధం హోల్డెన్ ఎప్పుడూ నోటితో చెప్పడు. హోటల్లోకి వెళ్ళేముందు పిచ్చివాడనుకుంటారని తీసి దాచుకుంటాడు, ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టుకుంటాడు. నలుగురిలో కనపడాలని వేసే వేషమైతే ఇది తిరగబడాలి కదా.

బాతుల సంగతి మనవాళ్ళు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సెంట్రల్ పార్కు చెరువు గడ్డకట్టినప్పుడు బాతులెక్కడికి పోతాయని ఇద్దరు టాక్సీ డ్రైవర్లను అడుగుతాడు. ఒకతను పట్టించుకోడు. హార్విట్జ్ అనే అతను విసుగ్గా చేపల గురించి చెప్తాడు, అవి మంచులోనే ఉండిపోతాయని, వాటిని చూసుకోవడానికి ప్రకృతి ఉందని. ఎవరైనా లారీ వేసుకొచ్చి తీసుకెళ్తారా, లేక వాటంతటవే ఎగిరిపోతాయా అన్నది హోల్డెన్ ప్రశ్న. ఇంట్లో చావు జరిగినప్పుడు చిన్నపిల్లలు అచ్చం ఇలాగే అడుగుతారు: ఎక్కడికెళ్ళాడు, ఎవరు తీసుకెళ్ళారు, అక్కడ చలేస్తుందా? పదమూడేళ్ళప్పుడు ఇంట్లో అడగలేకపోయిన ప్రశ్నను పదహారేళ్ళకు టాక్సీలో అడుగుతున్నాడని నా నమ్మకం. ఇది నా చదువు, నవల ఎక్కడా అలా చెప్పదు. పేపర్లో కూడా "అనిపిస్తుంది" అనే రాయండి.

మ్యూజియంలో అందరూ గాజు పెట్టెల్లోని ఎస్కిమో గురించి, కదలని జింకల గురించి రాస్తారు. నేను చూడమనేది ఇంకో ముక్క. అక్కడ ఏదీ మారదు, మారేది మనమే అంటూ హోల్డెన్ ఆ మార్పులకు ఉదాహరణలు చెప్తాడు. ఈసారి ఓవర్‌కోటు వేసుకుని ఉండొచ్చు. లైన్లో పక్కనుండే పిల్లకు జ్వరమొచ్చి వేరే పిల్ల ఉండొచ్చు. అమ్మానాన్నా బాత్రూంలో పెద్దగా పోట్లాడుకోవడం విని ఉండొచ్చు. రోడ్డు మీద నీటిగుంటలో పెట్రోలు రంగులు చూసి ఉండొచ్చు. ఓవర్‌కోటుకూ పెట్రోలు రంగులకూ మధ్యన అమ్మానాన్నల పోట్లాటను పెట్టి నడిచిపోయాడు. ఆ ఇంటి గురించి మనకు దొరికే అరుదైన నిజాల్లో అదొకటి, ఉదాహరణల జాబితాలో దాచాడు. మొదటి పేరాలో చెప్పనన్న ఇంటి సంగతి ఇలా జారిపడుతుంది. ఇలాంటివి మీరే ఇంకో మూడు నాలుగు ఏరగలరు. పాత ఇంగ్లీషు మాష్టారు మిస్టర్ యాంటొలినీ అర్ధరాత్రి తన తల నిమురుతూ దొరికినప్పుడు హోల్డెన్ పారిపోయి, ఇలాంటివి చిన్నప్పటి నుంచి ఇరవైసార్లు జరిగాయని ఒక్క వాక్యం అని వదిలేస్తాడు. దాన్ని పట్టుకుని హోల్డెన్‌పై ఇది జరిగింది, అది జరిగింది అని నిర్ధారించే వ్యాసాలు మీకు కనపడతాయి. నేనైతే అంత దూరం వెళ్ళను. తలుపు సందు కనిపించింది, మళ్ళీ మూసుకుంది. సందు ఉందని రాయండి, లోపలేముందో కల్పించకండి. అలాగే జబ్బు పేరు పెట్టే ప్రయత్నం కూడా చేయకండి. సాలింజర్ 1944లో నార్మండీ తీరంలో దిగిన సైనికుడు, యుద్ధం ముగిసిన ఏడాది నరాలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరినవాడు అన్నది తెలుసుకోదగ్గ విషయమే. ఆ ఒక్కదానితో నవలను విప్పేస్తే యాలీ కనపడకుండా పోతాడు.

అమ్మ గురించి మీరు అడగలేదు, కానీ అది లేకుండా 'కుటుంబ జ్ఞాపకం' అన్న మాట సగమే అవుతుంది. తండ్రి ఒక్క సన్నివేశంలోనూ మన ముందుకు రాడు. తల్లి ఒక్కసారి వస్తుంది, అప్పుడు హోల్డెన్ ఫీబీ గదిలో అల్మారాలో దాక్కుని ఉన్నాడు. అంటే ఆమెను మనం చూడం, వింటాం. ఆమె యాలీ పోయినప్పటి నుంచి తేరుకోలేదని, రాత్రుళ్ళు నిద్ర లేక సిగరెట్లు కాలుస్తుందని అతనికి తెలుసు. ఒకే దుఃఖం ఉన్న ఇద్దరు, మధ్యన ఒక చెక్కతలుపు. ఆమె వెళ్ళిపోయాక, ఫీబీ తన క్రిస్మస్ డబ్బులు చేతిలో పెట్టినప్పుడు ఏడుస్తాడు, ఆపుకోలేనంతగా. ఎందుకో చెప్పడు. మీ మాష్టారి వాదానికి ఇంతకంటే మంచి సన్నివేశం లేదు.

తెలుగు నుంచి ఒక పోలిక పెట్టొచ్చా అని కూడా అడిగారు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' పెట్టొచ్చు, జాగ్రత్తగా. ఆ నవల కథానాయకుడు దయానిధి కూడా ఇంటి గాయాన్ని మోస్తూ తిరిగేవాడే. కానీ అతని తల్లి గురించి లోకమే గుసగుసలాడుతుంది. మాట బయటి నుంచి వచ్చి లోపల గుచ్చుకుంటుంది. హోల్డెన్ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. పైగా బుచ్చిబాబుది 'అతను' అంటూ ప్రథమ పురుషలో నడిచే నవల, హోల్డెన్‌ది 'నేను' అనే సొంత గొంతు. దాటవేతలను సొంత గొంతులో పట్టుకునే పద్ధతి అక్కడ పనిచేయదు. ఒక పేరాకు మించి పెట్టకండి.

చివరగా వాన. మీరు పంపిన జాబితాలో అది లేదు, దానితో పేపర్ ముగిస్తే బాగుంటుంది. ఇరవయ్యో అధ్యాయంలో, తాగి, ఫీబీ కోసం కొన్న రికార్డు పార్కులో పడేసి పగలగొట్టుకుని, తడిసిన జుట్టు మంచుకట్టి, తను చనిపోతే ఏమవుతుందో ఊహించుకుంటాడు. యాలీ అంత్యక్రియల్లో అందరూ ఉన్నారని, తను లేడని అప్పుడు చెప్తాడు. చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. అద్దాల సంగతి ఐదో అధ్యాయంలో, దాని ఫలితం ఇరవయ్యోదాంట్లో. పదిహేను అధ్యాయాలు పట్టింది ఆ రెండు ముక్కలు కలపడానికి. తరువాత అమ్మానాన్నలతో సమాధి దగ్గరకు వెళ్ళిన రోజులు గుర్తొస్తాయి. రెండుసార్లు అక్కడ వాన పడింది. వచ్చినవాళ్ళంతా పరిగెత్తి కార్లెక్కారు, రేడియోలు పెట్టుకున్నారు, ఎక్కడికో మంచి భోజనానికి పోతారు. యాలీ ఒక్కడే వానలో ఉండిపోయాడు. దాన్ని తట్టుకోలేకపోయాడు హోల్డెన్. ఆ తరువాత వెళ్ళడం మానేశాడు.

ఇది చదివిన వెంటనే, మధ్యవి వదిలేసి, ఇరవై ఐదో అధ్యాయం చివరికి వెళ్ళండి. పార్కులో రంగులరాట్నం. ఫీబీ నీలం కోటు వేసుకుని గుర్రం మీద తిరుగుతోంది. పిల్లలు తిరుగుతూ రాట్నం పక్కనుండే బంగారు రింగు అందుకోబోయి పడిపోతారేమోనని హోల్డెన్‌కు భయం. అయినా ఏమీ అనకూడదు, పడితే పడతారు అనుకుంటాడు. రాత్రి పట్టుకుంటానన్నవాడు తెల్లారాక చేతులు దించుకుని కూర్చున్నాడు. దీని మీద చాలామంది రాశారు, మీరూ రాస్తారు. ఆ వెనకే వాన కుండపోతగా వస్తుంది. తల్లిదండ్రులంతా వెళ్ళి రాట్నం కప్పు కిందికి చేరతారు. హోల్డెన్ బెంచీ మీదే ఉండిపోతాడు.

సమాధి దగ్గర అందరూ పరిగెత్తారు, యాలీ ఉండిపోయాడు. ఇక్కడ అందరూ కప్పు కిందికి వెళ్ళారు, హోల్డెన్ ఉండిపోయాడు. రెండుచోట్లా జరిగిన వరస దాదాపు ఒకటే. ఈ పోలికను హోల్డెన్ గమనించాడో లేదో తెలియదు, చెప్పడు కూడా. మూడేళ్ళ కిందట చేయలేనిదాన్ని, తమ్ముడితో పాటు ఆ వానలో కూర్చోవడాన్ని, తెలియకుండానే చేస్తున్నాడు. ఫీబీ కొద్దిసేపటి క్రితమే ఎర్ర టోపీని తిరిగి అతని తల మీద పెట్టింది. అది కొంత ఆపింది, అయినా మెడా ప్యాంటూ తడిసి ముద్దయ్యాయి. చెల్లెలు గుండ్రంగా తిరుగుతుంటే ఎందుకో పట్టరాని సంతోషం, ఏడుపొచ్చేంత సంతోషం. వానొస్తే చెయ్యి సలుపుతుందని ఐదో అధ్యాయంలో చెప్పాడు కదా. ఇంత వానలో చెయ్యి ఊసు ఒక్క మాట కూడా లేదు. ఆ పేజీ మీరే రెండుసార్లు చదివి చూడండి.